తల్లి పత్యం

మా అత్తమ్మ పసరు ఇస్తే పైసా ముట్టేది కాదు. ముడితే మందుకు బలం పోతుందట. ఇంద్రేశంలో అందరూ ఆమెకు చేతులెత్తి మొక్కేది ఆ మాటకే. రోగం తగ్గితే పేరు ఆమెది, తగ్గకపోతే తప్పు పత్యం చెడగొట్టినవాళ్లది. అంత సుఖమైన వైద్యం ఇంకెక్కడా ఉండదు.

నా కొడుక్కి కామెర్లయి కళ్లు పచ్చబడ్డప్పుడు వాడింకా నా పాలే తాగుతున్నాడు. చంటిపిల్లలకు పసరు పోస్తే పత్యం తల్లి చేయాలి. ఉప్పు, కారం, నూనె అన్నీ బంద్. పాశమైలారంలో కంపెనీకి, ప్యాకింగ్ పనికి చప్పిడి అన్నం డబ్బా పట్టుకుపోయేదాన్ని. పక్కన కూర్చున్న ఒడియా పిల్ల జాలిపడి తొక్కు పచ్చడి వేయబోతే డబ్బా మూసేశాను. ముద్ద దిగేది కాదు, అయినా బిడ్డ కోసం మింగాను. దవాఖానకు పోదామంటే అత్తమ్మ కసురుకునేది.

"సూది మందు పడితే పసరు ఇరుగుతది. జెర ఓపిక పట్టు."

పిల్లాడు పాలు తాగడం మానేశాక, ఇగ ఎవరినీ అడగకుండా ఎత్తుకుని సంగారెడ్డి ఆటో ఎక్కాను. అప్పటికే ఆలస్యమైపోయింది. వాడు దక్కలేదు.

పలకరింపుకు వచ్చిన చుట్టాలందరి ముందూ ఆమె అంది: "నా పసరు ఎన్నడు తప్పలే. తల్లే పత్యం తప్పింది. కంపెనీల ఏం తిన్నదో ఏమో."

ఉప్పు ముట్టలేదని ఏడ్చి చెప్పాను. మా ఆయన నేల చూపులు చూశాడు. ఆ రోజు నుంచి కొడుకును తిన్న తల్లిని నేను. ఆ మాటకు ఆమెను క్షమించలేదు.

మొన్న ఆమె కిడ్నీలు చెడి ఒళ్లంతా వాచింది. పటాన్‌చెరు దవాఖానలో చేర్చాం. డాక్టర్ ఉప్పు బంద్ చేశాడు. ఇప్పుడు మేముంటున్న ఇస్నాపూర్ కిరాయి గదిలో చప్పిడి గంజి కాచి, పూటపూటకూ నేనే తీసుకుపోతున్నాను. ఇయ్యాల డాక్టర్ వచ్చి చూసి, వాపు తగ్గలేదన్నాడు. ఆయన అటు పోగానే, వార్డంతా వినేలా అడిగాను.

"పత్యం తప్పినవా, అత్తమ్మా?"

"లేదు బిడ్డా. నీ మీదొట్టు, ఉప్పు ముట్టలే."

"మరి వాపెందుకు తగ్గలే? మేం లేనప్పుడు ఏం తిన్నవో ఏమో."

ఆమె కొడుకు దిక్కు చూసింది. "నిజం రా, నేనేం తినలే." మా ఆయన ఆ రోజులాగే నేల చూపులు చూశాడు.

"నేను గూడ గిట్లనే చెప్పిన," అన్నాను.

ఆమె గోడ వైపు తిరిగి ఏడ్చింది. నా కడుపు మంట కొంచెం చల్లారింది, అబద్ధమెందుకు. ఆమె ఉప్పు ముట్టలేదని నాకు తెలుసు. రేపు కూడా చప్పిడి గంజే తీసుకుపోతాను. రేపు కూడా అందరి ముందూ అదే అడుగుతాను.