రీటా లేదు, గీటా లేదు

“రీటానా? రీటా లేదు, గీటా లేదు, ఫోను పెట్టెయ్యి! అనేసింది అక్కా మా అత్తయ్య. ఎవరితోననుకున్నారు? హోటలు వాళ్ళతో!”

చెబుతూనే నవ్వేసింది చిట్టి. చేతులు మాత్రం ఆగలేదు. పరుపు మూలని మోకాలితో ఎత్తిపట్టి దుప్పటి అంచు కిందికి దోపుతోంది. ముగ్గురు సర్దుకుని పడుకునే గది అది. పక్క చూస్తే మాత్రం ఎవరో అతిథి దిగబోతున్నట్టు ఉంది. మహమ్మారి వచ్చి హోటలు మూతపడేదాకా అక్కడ రెండో అంతస్తు గదులన్నీ ఆమే సర్దేది. ఇప్పుడు పొద్దునపూట ఇస్త్రీ కొట్టుకి వెళ్తోంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అప్పుడు వాళ్ళ అత్తయ్య చేతిలో ఉంటుంది.

“ఇంతకీ రీటా ఎవరు?” అన్నాను.

“ఇంకెవరు, నేనే!”

“నువ్వు రీటా ఏమిటి?” అన్నాను.

“చేరిన రోజు యూనిఫాం ఇచ్చారు. నా పేరుతో బిళ్ళ చేయించాలంటే ఆలస్యమవుతుందని, మానేసిన పిల్లది ఒకటి ఉంటే తగిలించారు. దాని మీద రీటా అని ఉంది. తర్వాత మారుస్తామన్నారు. ఎవరు మారుస్తారు? మేనేజరుకీ రీటానే, కాపలా ఆయనకీ రీటమ్మనే.”

“ఇంట్లో చెప్పలేదా?”

“చెబితే మా ఆయన ఊరుకుంటాడా? రీటాగారూ, మంచినీళ్ళు అంటూ ప్రాణం తీసెయ్యడూ!”

హోటలు తెరిచారని విని తనే వెళ్ళి అడిగిందట. “ఫోన్ చేశాం, అలాంటివాళ్ళు లేరన్నారు కదమ్మా,” అన్నాడట మేనేజరు. ఆ పని అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. గదులు నిండితే మళ్ళీ పిలుస్తారట, అదే నంబరుకి.

అంతలో లోపలి గదిలో ఫోను మోగింది. వెంటనే ముసలి గొంతు: “ఆఁ ఆఁ, ఉంది బాబూ, రీటా ఉంది! మా కోడలే!... గ్యాసు బండా? మొన్ననేగా తెచ్చావు?”

చిట్టి దుప్పటి వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుని గొంతు తగ్గించింది.

“ఎవరు చేసినా ఇదే వరస. ఫోను వదిలి స్నానానికి కూడా లేవట్లేదు. కోడలి పని నా నోటితోనే పోగొట్టానని అన్నం సయించట్లేదు ఆవిడకి. నేనేం చెప్పినా పైకి అంటున్నాననుకుంటుంది. మీరు లోపలికెళ్ళి చెప్పండక్కా. వాళ్ళు పిలిస్తే సరే, పిలవకపోతే ఇంకోటి వెతుక్కుంటాను. ముందు రెండు ముద్దలు తినమనండి. ఫోను మాత్రం తీసుకోకండేం, ఏడుస్తుంది.”