కొంగ మార్కు గుమాస్తాగారు

లాయరు ఆఫీసులో పేటెంట్లు, ట్రేడుమార్కుల పని చూసే గుమాస్తాగారు పోయిన సోమవారం కన్నుమూశారని కబురొచ్చింది. ఏడేళ్ళుగా ఆయన మీద నాకు కోపం. అది చెప్పకుండా పొగడడం నాకు చేతకాదు.

నాది వాషర్‌మెన్‌పేటలో, ఉతికిన బట్టలకు పెట్టే నీలిమందు వ్యాపారం. ఒక్క నొక్కుకు పన్నెండు నీలిమందు బిళ్ళలు దిగే చేతియంత్రం నా సొంత బుర్రతో చేశాను. పేటెంటు తీయమని ఆయన్ను పిలిపించాను. ఆయన వచ్చింది ఆయుధపూజ నాడు. యంత్రానికి కుంకుమ పెట్టి, దండ వేసి, వాకిలి బార్లా తెరిచి, వచ్చినవాళ్ళందరికీ నొక్కి చూపిస్తున్నాను.

“ఎంతమందికి చూపించినావు నాయుడూ?”

“వీధంతా చూసింది. సౌకార్‌పేట నించి గూడా వచ్చినారు. పండగ పూట తలుపేసుకుంటామా సామీ?”

“అయితే పేటెంటు పోయినట్టే. ఊరి కంట పడకముందే దరఖాస్తు పెట్టాల. నువ్వు దండేసి మరీ చూపిస్తివే!”

“ఎవురూ చూడలేదని రాయండి.”

“నా చేత్తో అబద్ధం రాయను.”

ఆయన్ను బయటికి నడవమన్నాను. మరుసటి నెలకే సౌకార్‌పేటలో అలాంటి యంత్రం ఆడింది. ఆయన మాట న్యాయమని నాకు తెలుసు. ఆయన ముఖాన ఎన్నడూ ఒప్పుకోలేదు.

అయినా ఆయనే మళ్ళీ వచ్చారు. “యంత్రం పోతే పోయె, బొమ్మనన్నా కాపాడుకో” అన్నారు. నా పొట్లం మీద అప్పట్లో చాకిరేవు, గాడిద, లక్ష్మీదేవి, నా ఫోటో ఉండేవి. పెన్సిలుతో ఒక్కొక్కటే కొట్టేశారు.

“నా మొగం ఎందుకు సామీ తీసేది?”

“నీ మొగం చూస్తే బట్టలు తెల్లబడతాయా?”

రేవు మూలన ఒంటికాలి కొంగ ఒక్కటే మిగిలింది. దాన్నే నా సరుకు మార్కుగా రిజిస్టరు చేయించారు. అక్షరం రాని ఆడమనిషి కూడా “కొంగ ఇయ్యి” అని నా సరుకు అడిగి తీసుకుపోయేది.

దారిలో పడున్న అగ్గిపెట్టెలు, ఊదొత్తుల కాగితాలు ఏరి జేబులో వేసుకోవడం ఆయన అలవాటు. పోయిన నెల చింతాద్రిపేట సందులో అలాగే ఇంకో కొంగ ఉన్న నీలిమందు పొట్లం కాగితం దొరికింది, కింద సౌకార్‌పేట అంగడి చిరునామా. అదే ఒంటికాలు, మెడ మాత్రం అవతలి వైపుకు తిప్పి ఉంది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా గుమాస్తాగారు వచ్చి రెండు కాగితాలూ నా బల్ల మీద పరిచారు.

“కొనే మనిషి రెండూ పక్కపక్కన పెట్టుకొని చూడదు నాయుడూ. గురుతుతో కొంటుంది. ఆ గురుతు కాడే వాడు పట్టుబడేది.”

అక్కడే కూర్చుని నోటీసు మొదలుపెట్టారు. సగంలో జ్వరం ఎక్కువై కలం మూసేశారు. రేపు వస్తానన్నారు, రాలేదు.

ఆ సగం నోటీసు రోజూ తీస్తాను, మడిచి పెడతాను, మళ్ళీ తీస్తాను. రెండో కొంగను అచ్చేసిన సౌకార్‌పేట ఆసామీ నేనిది రాస్తున్న ఈ పత్రిక చదువుతాడని తెలుసు. అందుకే ఆసామీ, నీకు ఇక్కడే చెబుతున్నా: వచ్చే శుక్రవారం పొద్దుగూకేలోగా ఆ కొంగ అచ్చు ఆపి నాకు జవాబు చెప్పాలి. లేదంటే శనివారం నీ అంగడి ముందు నిలబడతాను. నోటీసులో “కనుక తమరు” అన్న చోట గుమాస్తాగారి సిరా ఆగింది. మిగతాది నేను నోటితో చెబుతాను, వీధంతా వినేటట్టు.