బస్సు బోర్డు పాఠం

మీ పిల్ల పుస్తకం పట్టుకుని గడగడా చదువుతుంటే మురిసిపోతున్నారు సరే, అది చదువుతోందో, కంఠతా వచ్చినది అప్పజెబుతోందో ఒక్కసారైనా పరీక్షించారా?

1991 జూన్‌లో నన్ను పినపాక మండలానికి రిసోర్స్ పర్సన్‌గా వేశారు. అంటే, చదవడం ఎలా నేర్పాలో టీచర్లకు నేర్పే టీచరు. శిక్షణ తరగతిలో మాట్లాడటం అందులో సగం పనే. తర్వాత వాళ్ల బడికి వెళ్లి, పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూడటం మిగతా సగం.

అలా అడవి అంచున ఒక ఏకోపాధ్యాయ పాఠశాలకు వెళ్లాను. మధిర వైపు నుంచి వచ్చిన వెంకటేశ్వర్లు మాస్టారు రెండో తరగతి చేత వాచకం చదివించారు. ఒకరు అందుకుంటే అందరూ ఖంగుమన్నారు. నేను ముత్తమ్మ అనే కోయ పిల్ల పక్కన చేరి చటుక్కున పేజీ తిప్పాను. కొత్త పేజీ మీద వేలు ఆడిస్తూ పాత పాఠమే పూర్తిచేసింది! నాకు నవ్వు ఆగలేదు. తనూ నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. "అక్షరాభ్యాసం జరగని పిల్లలండీ. సరస్వతీ కటాక్షం లేకుండా అక్షరం ఎట్లా నిలుస్తుంది?"

"ఇంగ్లండు పిల్లల చేత ఏ పంతులు బియ్యంలో రాయించాడు మాస్టారూ? వాళ్లకెట్లా వచ్చింది?"

"మీతో వాదించలేమండీ."

గుమ్మం దగ్గర నిలబడి విన్న ముత్తమ్మ తండ్రి సమ్మయ్య ఊరుకోలేదు. "గిదేనా సార్ సదువు? మొన్న భద్రాచలంల బస్సు బోర్డు సదువు బిడ్డా అంటే నా మొకం జూసింది. తప్పు బస్సెక్కి, దిగి, అడవిలబడి నడిసొచ్చినం. దసరాలోపు సదువొస్తె సరే. లేకుంటె మేకలెంబడి తోల్త."

మర్నాటి నుంచి పొద్దుటి గంట వాచకం మూసేశాం. పిల్లలకు తెలిసిన మాటలే పాఠం: వాళ్ల పేర్లు, మేక, మణుగూరు. అట్టముక్కల మీద రాసి, అక్షరం అక్షరం కత్తిరించి, మళ్లీ కలిపించాం. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలు కాబట్టి, ప్రతి మాటా ముందు వాళ్ల భాషలో చెప్పించుకున్నాం. మాస్టారు ఆ మాటలు పలకబోతే, "గట్ల కాదు సారూ!" అని బడంతా పడీపడీ నవ్వేది. నేర్చుకునేవాడి అవస్థ ఆయనకు అప్పుడే తెలిసింది. తర్వాతి శిక్షణలో మాదిరి పాఠం ఆయన చేతే చెప్పించాను.

దసరాకు ముందు ఒకరోజు మాస్టారూ నేనూ భద్రాచలం బస్టాండులో ఉన్నాం. ఎదురుగా సమ్మయ్య ఒక బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు. ముత్తమ్మ బోర్డు చూసి, అతని చొక్కా పట్టి లాగింది.

"అయ్యా, దిగు! గిది మణుగూరు గాదు, కొత్తగూడెం బోతది."

కండక్టర్ కిటికీలోంచి తొంగిచూశాడు. "అవ్, కొత్తగూడెమే. ఏందమ్మా, నువ్వేమన్న కంట్రోలర్‌వా?"

సమ్మయ్య దిగి, మమ్మల్ని చూసి తల గోక్కున్నాడు. "మేకలకు ఇంకెవర్నన్న జూసుకోవాలె, సార్."

"ఏ ముహూర్తాన పట్టుబడింది మాస్టారూ చదువు?" అన్నాను.

"బస్సొచ్చిన టైముకండీ!" అని ఆయన కూడా నవ్వేశారు.

చదవడం ఎవరో ఇచ్చే వరం కాదు, నేర్పితే వచ్చే పని. నేర్పడమూ నేర్చుకోవలసిన పనే. ఇవాళే మీ పిల్ల పుస్తకం మధ్యలో తెరవండి. బొమ్మను చేత్తో మూసి, ఏదో ఒక మాట చూపించి చదవమనండి. రాకపోతే పిల్లను తిట్టకండి. రేపు పొద్దున్నే బడికి వెళ్లి, ఎలా నేర్పుతున్నారో చూపించమని అడగండి.