దీవెన ఒప్పుకోని ముప్పై ఒకటో లైను

దీవెన నోరు మంచిది కాదని తెనాలి ఆసుపత్రిలో అందరూ అంటారు. పొద్దున్నే కంప్యూటరు తెరుచుకోకపోతే, అలా అనేవాళ్లందరికీ కావలసింది మాత్రం ఆ నోరు గల మనిషే.

ఆసుపత్రి యజమానులకు తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి, మొత్తం మూడు ఆసుపత్రులున్నాయి. మూడింటి కంప్యూటర్లూ పన్నెండేళ్లుగా దీవెన చేతిలోనే ఉన్నాయి. అయినా ఆమెది కాంట్రాక్టు ఉద్యోగమే. ఏటా మార్చి నెలాఖరుకి మేనేజరు సాంబశివరావు సంతకం పెడితేనే మరో ఏడాది జీతం. ఆ మహానుభావుడికి కంప్యూటరు గురించి తెలిసిన విద్య ఒక్కటే, ఆపి మళ్లీ పెట్టడం.

మూడు చోట్లా మూడు సర్వర్లు. రోగుల సంగతులన్నీ వాటిలోనే ఉంటాయి. ఎవరికి ఏ జబ్బు, ఏ పరీక్షలో ఏం తేలింది, ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఎవరు వచ్చి ఏ మందు రాయించుకున్నారు, అన్నీ. చిన్న ఊళ్లలో ఇలాంటి సంగతి ఒకటి బయటికి పొక్కితే ఒక ఆడపిల్ల బతుకు బజారున పడుతుంది. అందుకే దీవెన ఆ సర్వర్ల మీద ఒక కాపలా పెట్టింది. ఎస్ఈ లినక్స్ అంటారు దాన్ని. పేరుకు నోరు తిరగకపోయినా, అది చేసే పని తెలియనిదేం కాదు. లోపల నడిచే ప్రతి ప్రోగ్రాముకూ ఒక ముద్ర, ప్రతి ఫైలుకూ ఒక ముద్ర ఉంటాయి. ఏది దేన్ని ముట్టుకోవచ్చో ముందే రాసి ఉంటుంది. రాయనిది కుదరదు. సర్వరు మొత్తానికి పెద్ద అధికారి పేరు చెప్పుకొని వచ్చినా కుదరదు. ఫలానాది ఫలానాదాన్ని ముట్టుకోబోయిందని ఒక లైను రాసుకొని, వెనక్కి పొమ్మంటుంది. ఈ కాపలా విసిగిస్తోందని చాలాచోట్ల మొదటి రోజే ఆపేసి చేతులు దులుపుకొంటారు. వాళ్లనూ ఇంజనీర్లనే అంటారు మరి.

ఆ ఏడు ఫిబ్రవరిలో పైవాళ్లకు ఒక ముచ్చట పుట్టింది. ఇకమీదట నర్సులు పాస్‌వర్డు కొట్టనక్కర్లేదు, వేలు పెడితే చాలు కంప్యూటరు తెరుచుకోవాలన్నారు. ఆ పని ఒక కంపెనీకి ఇచ్చారు. కంపెనీ తరఫున రవిశంకర్ అనే అతను వచ్చాడు. చొక్కా నలగదు, మాట తడబడదు.

ముందు బాపట్లలో పెట్టారు. కాపలా ఆ కొత్త ప్రోగ్రామును ఒక్క అడుగు కదలనివ్వలేదు. నర్సులు వేలు పెట్టడం, తుడుచుకోవడం, మళ్లీ పెట్టడం. చీటీల దగ్గర రోగుల అరుపులు. ఫోనులో సాంబశివరావు, "ఆ దరిద్రాన్ని ఆపెయ్యమ్మా!" అని కేకలు. ఆపనంది దీవెన. ఆపలేదు గాని అంతకన్నా ఘనకార్యం చేసింది. కాపలా కాదన్నవాటన్నిటినీ పోగుచేసి, అన్నిటికీ ఒకేసారి అనుమతి రాసిపెట్టే ఉపాయం ఒకటుంది. అది వాడింది. వచ్చిన జాబితాను చదవకుండానే ఎక్కించింది. వేళ్లు పనిచేశాయి. అందరూ చప్పట్లు కొట్టారు. సాంబశివరావు పాలకోవా తెప్పించాడు. దీవెన రెండు ముక్కలు తిన్నది కూడా.

తర్వాతి వంతు రేపల్లెది. బుధవారం మూడు ఆసుపత్రులకూ పెద్దయిన ఛైర్మన్ వచ్చి, మొదటి వేలు పెట్టి ప్రారంభం చేయాలి. మంగళవారం తెనాలిలో ఒక పాత యంత్రం మీద, లేని రోగుల పేర్లు రాసి, దీవెన ఆ ప్రోగ్రామును నడిపి చూసింది. దీన్నొక్కదాన్నే అడ్డుకోవద్దు, ముట్టుకున్నదల్లా రాసుకో అని కాపలాకు చెప్పింది. నలభై మూడు లైన్లు వచ్చాయి. వాటిని కాగితం మీద అచ్చు తీసుకొని సాయంత్రం రేపల్లె పాసింజరు ఎక్కింది. బాపట్లలో పదిమంది నెత్తినెక్కి అరుస్తుంటే చదవనిది, రైల్లో అరిచేవాళ్లు లేక చదివింది.

వేమూరు దాటేసరికి సగం లైన్లకు టిక్కులు పెట్టింది. వేలిముద్రలు దాచిన చోటు చూడాలి, సరే. ఎవరు ఎప్పుడొచ్చారో రాయాలి, సరే. వేలు చూసే పరికరంతో మాట్లాడాలి, సరే. భట్టిప్రోలులో బండి ఆగింది. దీవెన పెన్ను కూడా ఆగింది. ముప్పై ఒకటో లైను. రోగుల ఫైళ్లున్న ఫోల్డరు తెరిచి చదవడానికి అనుమతి.

వేలు చూసి తలుపు తీసేదానికి రోగుల ఫైళ్లతో పనేముంది? అనుకున్న మరుక్షణం, బాపట్లలో చదవకుండా ఎక్కించిన జాబితా గుర్తొచ్చి, ఆ లైను చుట్టూ పెన్నుతో గీత గీసింది.

రేపల్లెలో తల్లి సుందరమ్మ అరుగు మీద కూర్చొని రొయ్యలు వొలుస్తోంది. డెబ్బై దాటినా, చర్చిలో ఎవరి పెళ్లి జరిగినా సరుకుల గది కాపలా ఆవిడదే. వంటవాడు వచ్చి ఏ వంటకమో చెప్పి, దానికి కావలసింది మాత్రమే పట్టుకెళ్లాలి. పెళ్లికూతురి తండ్రి వచ్చినా అంతే. బిరియానీకి జీడిపప్పు అడిగితే కొలిచి ఇస్తుంది. సాంబారుకు జీడిపప్పు అడిగినవాడి మొహాన తలుపేస్తుంది.

"ఏంటే, మొహం అలా పెట్టుకొచ్చావ్? మీ ఆయనేమన్నా అన్నాడా?"

"ఆయనేమంటాడమ్మా. నేనే వెధవ పని చేశా." అని బాపట్ల సంగతి చెప్పింది.

సుందరమ్మ రొయ్య తల తుంచి పడేసింది. "అంటే, అడిగినవన్నీ ఇచ్చేశావ్. ఏం అడిగాడో కూడా చూడకుండా."

"ఊఁ."

"ఎన్నాళ్లయింది?"

"తొమ్మిది రోజులు."

"ఏం పట్టుకెళ్లాడో తెలుసా?"

"తెలీదమ్మా. కాదన్నవే రాసుకుంటుంది ఆ కాపలా. ఔనన్నాక రాసుకోదు."

"తొమ్మిది రోజుల్నుంచీ గది తెరిచిపెట్టి, ఇక్కడ కూర్చుని నాతో కబుర్లు చెప్తున్నావా? లే! ముందు ఆ తలుపెయ్. కూడు తర్వాత."

ఆ అరుగు మీదే, రొయ్యల గిన్నె పక్కనే ల్యాప్‌టాప్ తెరిచి, దీవెన బాపట్ల సర్వరులోకి వెళ్లింది. రోగుల ఫైళ్లు చదివే ఆ లైను అక్కడి జాబితాలోనూ ఉంది. దాన్ని తీసేసి, మిగిలిన జాబితా ఎక్కించింది. బాపట్లలో డ్యూటీలో ఉన్న నర్సు భవ్యకు ఫోను చేసింది.

"భవ్యా, ఒకసారి వేలు పెట్టమ్మా."

"పెట్టానక్కా. తెరుచుకుంది. ఏంటక్కా, ఏమన్నా అయ్యిందా?"

"అయ్యింది. రేపు అందరికీ చెప్తాలే."

ఆ లైను లేకపోయినా వేలు పనిచేస్తోంది. అంటే ఆ అనుమతి తలుపు తీయడానికి అడిగింది కాదు. దీవెన చేసిన తప్పు దాచుకోకుండా నాలుగు వాక్యాల్లో ఛైర్మన్‌కు రాసి పంపి, అప్పుడు కంచం ముందు కూర్చుంది.

బుధవారం తొమ్మిదింటికల్లా సాంబశివరావు రేపల్లె ఆసుపత్రిలో దిగాడు. వెనకే రవిశంకర్.

"దీవెనమ్మా, బాపట్లలో ఏదో పీకేశావంట?"

"పీకేశానండి. అసలు పెట్టడమే నా తప్పు. చదవకుండా ఎక్కించా. ఛైర్మన్ గారికి రాత్రే రాసేశా."

"రాసేశావా! నన్నడక్కుండా?"

"నా తప్పు నేను చెప్పుకోడానికి మీ పర్మిషన్ ఎందుకండి?"

రవిశంకర్ నవ్వుతూ కుర్చీ లాక్కున్నాడు. "మేడం, అంత పెద్ద విషయం కాదండి. ముందు ముందు రిపోర్టులకి పనికొస్తుందని మావాళ్లు పెట్టారు. అందరూ ఇస్తున్నారు."

"వేలు చూడ్డానికి రోగుల ఫైళ్లెందుకో చెప్పండి. ఇస్తా."

"అదే చెప్తున్నా కదండి, ముందు ముందు..."

"ముందు ముందు అడగండి మరి. ఇవాళెందుకు?"

సాంబశివరావు బల్ల గుద్దాడు. "పదకొండింటికి ఛైర్మన్ గారొస్తారు! రవిశంకర్ గారడిగింది ఇచ్చెయ్. మార్చి నెలాఖరుకి నీ కాంట్రాక్టు కాయితం నా దగ్గరికే వస్తుంది, గుర్తుందా?"

"ఎందుకుండదండి. పన్నెండేళ్లుగా అదేగా గుర్తుచేస్తున్నారు." దీవెన సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసి, బల్ల మీద ఆయన వైపు తిప్పి పెట్టింది. "ముందు దీనిమీద పెట్టండి సంతకం. పెట్టిన మరునిమిషం ఆ లైను ఎక్కిస్తా."

కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఒకే వాక్యం ఉంది. వేలిముద్రల ప్రోగ్రాము మన మూడు ఆసుపత్రుల రోగుల ఫైళ్లన్నీ చదవడానికి నేను అనుమతి ఇస్తున్నాను. కింద ఖాళీ.

సాంబశివరావు జేబులోంచి పెన్ను తీశాడు. వాక్యం ఒకసారి చదివాడు. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చదివాడు. పెన్నుకు మూత పెట్టాడు.

"ఇవన్నీ టెక్నికల్ విషయాలు. నాకేం తెలుస్తాయి? రవిశంకర్ గారు పెడతారులే."

"అబ్బే, నేను పెట్టకూడదు సార్. మా కంపెనీ ఒప్పుకోదు. మీరే పెట్టాలి."

"మీ ప్రోగ్రామే కదయ్యా!"

"మీ ఫైళ్లు కదా సార్!"

ఇద్దరు మగవాళ్ల మధ్య ఆ కాగితం నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. అరవడానికి ఒకరికి, నవ్వుతూ నచ్చజెప్పడానికి ఒకరికి గొంతులున్నాయి గాని, కింద పేరు రాయడానికి ఒక్కడికీ చెయ్యి రాలేదు.

"మీ ఇద్దరికీ లేని ధైర్యం నేనెక్కడ్నుంచి తేవాలండి?" అని దీవెన కంప్యూటరు వైపు తిరిగింది. నలభై రెండు లైన్లు ఎక్కించింది. కాపలాను పూర్తి పనిలో పెట్టింది. గుమ్మంలో నిలబడి తమాషా చూస్తున్న నర్సులను పిలిచి వేళ్లు పెట్టమంది. ఒకరి తర్వాత ఒకరికి తెరుచుకుంది.

రవిశంకర్ గొంతు తగ్గించాడు. "సరే మేడం, మీ ఇష్టం. కాకపోతే మా ప్రోగ్రాం ఆ ఫోల్డరు కోసం అడుగుతూనే ఉంటుంది. మీ కాపలా రాసుకునే లాగ్ ఫైలంతా అదే లైనుతో నిండిపోతుంది. అదొక్కటీ రాసుకోవద్దని కాపలాకి చెప్పొచ్చు కదండి. నీట్‌గా ఉంటుంది."

"చెప్పొచ్చు. నాకూ తెలుసు ఎలా చెప్పాలో. చెప్పను. రోజుకి ఎన్నిసార్లు అడుగుతున్నారో లెక్క ఉండాలి. మీవాళ్లు అడగడం మానేదాకా రాస్తూనే ఉంటుంది."

బయట కారు ఆగింది. సాంబశివరావు పూలదండ కోసం పరుగెత్తాడు. సంతకం లేని కాగితం బల్ల మీదే ఉంది. తీసెయ్యమని రవిశంకర్ కళ్లతో సైగ చేశాడు. దీవెన దాన్ని ఛైర్మన్ కూర్చునే కుర్చీ ముందుకు జరిపి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా పైన పెన్ను పెట్టి, పక్కనే నిలబడింది.