వదిన గుర్రంతో మాట్లాడేది

నా చేతిరాత కోడి గీకినట్టుంటుంది. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, వత్తులూ దీర్ఘాలూ ఉండాల్సిన చోట ఉండవు. మీరే సర్దుకొని చదవండి.

మా వదిన పోయింది. పోయిన నెల ఒక పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అలసటగా ఉందని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆమె పోయినప్పటి నుంచి ఇంట్లో గుర్రం ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదు. కాలెత్తి తన్నుతోంది. మడకశిర నుంచి వ్యాపారి వస్తాడు, ఇచ్చేద్దాం అంటున్నాడు అన్న.

మా అన్న ఒకప్పుడు హిందూపురంలో జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక ఆ పని మానేసి, పెనుకొండ దగ్గర మా ఊరికే వచ్చి, పెండ్లి మెరవణులకని గుర్రాన్ని పెట్టుకున్నాడు. ఇప్పుడున్నది తెల్లటి ఆడగుర్రం. దాని మేత, నీళ్లు, ఒళ్లు తోమడం అన్నీ వదినే చూసుకునేది. అన్నకు మోకాళ్లు పట్టేశాక మెరవణిలో కళ్లెం పట్టుకొని నడిచింది కూడా ఆమే. జనం పెండ్లికొడుకును వదిలేసి ఆమెను చూసేవాళ్లు. ఆమె గుర్రాన్ని చూసేది.

"తన్నింది సరే, తన్నకముందు ఏం చేసింది?" ఇది ఆమె మాట. గుర్రం తన్నిందంటే మేమంతా కర్ర వెతికేవాళ్లం. ఆమె మాత్రం కూర్చోబెట్టి అడిగేది. చెవులు వెనక్కి వాల్చిందా, తోక విసిరిందా, ఏ కాలి మీద బరువు పెట్టింది? చూడలేదంటే, "కండ్లుండి ఏం చేస్తాండావు అబ్బీ" అనేది.

ఒకప్పుడు అన్న కనబడితే చాలు, గుర్రం తన్నబోయేది. వదిన జోలికి వచ్చేది కాదు. బీడీ వాసన గిట్టదేమోనని ఆమె మా అన్న చొక్కా తొడుక్కొని, ఆయన తువ్వాలు తలకు చుట్టుకొని కొట్టంలోకి పోయింది. గుర్రం వాసన చూసి ఊరుకుంది. ఆమె బయటికి వచ్చి, "తప్పు చొక్కాది కాదంట, లోపలుండేవాళ్లదంట" అంది. అన్న ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మామూలుగా కూడా మాట్లాడడు, నాలాగే. చివరికి ఆమెకు దారి దొరికింది అక్కడే. అన్న చప్పుడు లేకుండా నేరుగా వెనక నుంచి పోయేవాడు. గుర్రానికి కండ్లు ముఖానికి రెండు పక్కలా ఉన్నా, సరిగ్గా తోక వెనక ఉన్నది కనబడదు. వదిన కొట్టం చేరకముందే ఏదో ఒకటి మాట్లాడుతూ పోయేది. వచ్చేది ఎవరో, ఏ పక్క నుంచి వస్తున్నారో దానికి తెలిసేది.

నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోవులే, రెండు మాటలు చెప్పి పో, అని అన్నకు చెప్పింది. అన్న మాటలు నేర్చుకోలేదు. దూరం నుంచే దగ్గడం మాత్రం అలవాటు చేసుకున్నాడు. గుర్రం దానికి సరేననుకుంది.

తన్నడం వేరు, ఎగరడం వేరని కూడా ఆమే చెప్పింది. హిందూపురంలో ఒక పెండ్లిలో, తర్వాత కనగానపల్లిలో, గుర్రం తల దించి, వీపు ఉబ్బించి ఎగిరింది. పెండ్లికొడుకు జీను పట్టుకొని వేలాడాడు. అందరూ బ్యాండువాళ్లను తిట్టారు. వదిన ఒప్పుకోలేదు. పిల్లగా ఉన్నప్పటి నుంచి బ్యాండు వింటున్న గుర్రం అది. ఇంకోసారి ఎగిరితే అమ్మేస్తానని అన్న అప్పుడే అన్నాడు.

ఆ తర్వాత ధర్మవరం పెండ్లికి నేనూ తోడు పోయాను. తోడుపెండ్లికొడుకుగా ముస్తాబు చేసిన చిన్నపిల్లవాణ్ణి తెచ్చి జీను వెనక కూర్చోబెట్టారు. గుర్రం తోక బిగించింది. అది ఎగిరిన రెండు పెండ్లిళ్లలోనూ ఇట్లాగే జీను వెనక ఒక పిల్లవాడు ఉన్నాడు. వదిన వెంటనే పిల్లవాణ్ణి దించేసింది. పెండ్లికొడుకు అవ్వకు కోపం వచ్చింది.

"ఏమమ్మా, మా పిల్లోడు ఎక్కితే మీ గుర్రం అరిగిపోతాదా?"

"అరిగిపోదవ్వా, ఎగురుతాది. ముందర కూర్చోబెడదాం. మీ మనవడు పట్టుకుంటాడు."

అవ్వ గొణుక్కుంటూ ఒప్పుకుంది. పట్టుచీరల అంగళ్ల వీధంతా గుర్రం పల్లకీ మోసినట్టు నడిచింది. వదినకు అది చాలలేదు. పిల్లవాళ్ల మడిమలు డొక్కలో పొడిచాయా, లేక నడుము మీద బరువు పడిందా? ఇంటికొచ్చాక జీను వెనక చిన్న రాగుల మూట పెట్టి చూసింది. మడిమలు లేని మూటను కూడా గుర్రం ఎగరేసింది. అన్న తిడుతున్నాడు, కోళ్లు రాగులు ఏరుకుంటున్నాయి, వదిన నవ్వుతోంది.

"బరువే అబ్బీ. నడుము నొప్పి నాకు తెలీదా?"

ఆమె పోయాక, అన్న దగ్గినా గుర్రం కాలెత్తుతోంది. వ్యాపారి వచ్చేలోపల నేను చూస్తానని అన్నతో చెప్పాను. "నువ్వా?" అన్నాడు. తప్పు లేదు. మాట్లాడడం నాకు చేతకాదు. ముందు ఫోన్లో పాటలు పెట్టుకొని పోయాను. చెవులు వెనక్కి వాలాయి, కాలు లేచింది. ఇక సొంతంగా నోరు తెరవాల్సి వచ్చింది. గొర్రెల గురించి చెప్పాను. వాన లేక చెనిక్కాయ చేను ఎట్లా ఉందో చెప్పాను. కొన్నాళ్లకు కాలు లేవలేదు, తోక మాత్రం విసిరింది. నిన్న తోక కూడా ఆడలేదు. పక్కనే నిలబడి నీళ్లు తాపాను.

అన్న వాకిట్లో నుంచి చూస్తున్నాడు. "ఏం చెప్పినావురా దానికి?"

"వదిన పోయిందని చెప్పినా."

ఆ మాట గట్టిగా అనడం నాకు అదే మొదలు. వ్యాపారికి రావద్దని అన్న ఫోన్ చేశాడో లేదో నేను అడగలేదు.

నాకు తెలియనిది ఒకటుంది. గుర్రం నా గొంతు గుర్తుపట్టిందా, లేక మనిషి మాట ఏదైనా వినబడితే చాలా? వదిన ఉంటే ఏదో ఒకటి చేసి చూసేది. నేను మాట ఆపడానికి భయపడుతున్నాను. మీలో గుర్రాలో ఎద్దులో పెట్టుకున్నవాళ్లుంటే, వాటితో ఏం మాట్లాడతారో ఒక కార్డు ముక్క రాయండి. తొందరగా రాయండి. నా దగ్గరున్న మాటలు అయిపోవస్తున్నాయి. పొద్దున నేను కొట్టం దగ్గరికి పోయేసరికి గుర్రం రెండు చెవులూ నా వైపు తిప్పి నిలబడి ఉంటోంది.