చిన్నత్తగారి ఫోనులో పనికిరాని డేటా

మా మామగారి అంత్యక్రియలు ఆయన సొంత చెల్లెలు చూడలేకపోయింది. ఫోను చేతిలో ఉంది, సిగ్నల్ ఉంది, వాడుకోలేనంత డేటా ఉంది. అయినా చూడలేకపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మామగారిది ఫిజీలో పుట్టి పెరిగి, తర్వాత ఆక్లాండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. నేను గుంటూరు నుంచి ఆక్లాండ్‌కి చదువుకోవడానికి వచ్చి, మౌంట్ రాస్కిల్‌లో వాళ్లింటి కోడలినయ్యాను. అత్తవారి వైపు నాతో తెలుగులో మాట్లాడేది ఇద్దరే. మామగారు, ఫిజీలో లంబాసా అనే ఊరు దాటాక చెరకు తోటల మధ్య ఉండే ఆయన చెల్లెలు. ఆవిడ నాకు చిన్నత్తగారు. రోజూ పొద్దున్నే ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడితే గానీ మామగారికి టీ గొంతు దిగేది కాదు.

ఆయన పోయినప్పుడు చిన్నత్తగారికి వీసా వచ్చే వ్యవధి లేదు. ఫ్యూనరల్ హోమ్ వాళ్లు లైవ్ పెడతామని లింకు ఇచ్చారు. ఆవిడకు చివరి చూపంటే ఇక అదే. ఫిజీలో ఉన్న వాళ్లకు ఇక్కడినుంచి ఫోను రీఛార్జి పంపడం మా వాళ్లకు పండక్కి చీర పెట్టినంత మామూలు. ఆ రోజు పంపినదానికి రెండింతలు వచ్చే డబుల్ బోనస్ ఉందని తెలిసి అందరూ పంపారు. ఇక్కడే టకానినిలో ఉండే మా ఆడపడుచు, చాలకపోతే కష్టమని, మళ్లీ పంపింది.

హాల్లో ఎవరూ ఫోన్లు తీయవద్దని మా బావగారు ముందే చెప్పారు. లైవ్ ఉండగా పెద్దాయన ముందు ఫోన్లు పట్టుకుని నిలబడితే బాగోదన్నారు. అందరం స్విచాఫ్ చేసి బుద్ధిగా కూర్చున్నాం.

అంతా అయ్యాక ఫోను తెరిస్తే చిన్నత్తగారి వీడియో కాల్స్ వరసగా ఉన్నాయి. తిరిగి ఫోను చేస్తే చెప్పింది, లింకు తెరుచుకోలేదట. పక్కింటికి పరిగెత్తిందట. వాళ్లదీ అదే కంపెనీ, అదే డేటా ప్యాకు. ఆ చుట్టుపక్కల ఇంకో కంపెనీ సిగ్నల్ అందదు.

ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. అవతల అమ్మాయి తీయగా మాట్లాడింది. "మీ ప్యాక్ బాగానే పనిచేస్తోంది మేడమ్. అది సోషల్ యాప్స్‌కి మాత్రమే. వేరే వెబ్‌సైట్లు ఓపెన్ అవ్వవు."

మేం పంపిన డబ్బంతా ఎవరూ అడగకుండానే ఆ ప్యాకులోకి వెళ్లిందట. ఎక్కువమంది కస్టమర్లకు అదే ఇష్టమట. ఇంకో దిక్కు లేని చోట ఇష్టమేమిటి, ఇష్టం? సరదా వీడియోలు ఎన్నయినా చూడొచ్చు గానీ తోడబుట్టినవాణ్ణి సాగనంపడానికి వాళ్ల ప్యాకులో చోటు లేదు. మాలో ఒక్కరి ఫోను ఆన్‌లో ఉన్నా ఆ సోషల్ యాప్‌లోనే వీడియో కాల్‌లో చూసి ఉండేది.

రికార్డింగ్ పంపిస్తానన్నాను. "బూడిదైపోయినాక ఏటి చూస్తానమ్మా," అంది చిన్నత్తగారు.

కోపం ఆపుకోలేక, ఆ కంపెనీ మీద కంప్లయింట్ రాస్తున్నానని చెప్పాను. ఆవిడ కంగారుపడిపోయింది.

"వద్దమ్మా, ఆళ్లతోటి గొడవ పెట్టుకోకు. ఆళ్లకి కోపమొచ్చి టవరు తీసేస్తే నీతో మాటాడే దారి కూడా పోద్ది నాకు."

అన్నను కడసారి చూడనివ్వని వాళ్లకు ఆవిడ భయపడుతోంది. వాళ్ల మీద నాకు అంత కోపం ఆ ప్యాకు సంగతి తెలిసినప్పుడు కూడా రాలేదు.