నవ్వు రాని జోకుల సర్జన్

మా సర్జన్‌గారికి ఉన్నది ఒక్కటే జబ్బు, జోకులు చెప్పడం. ఆ జోకులకి నవ్వేవాళ్ళు ఇంకా పుట్టలేదు. పుట్టినా మా ఆస్పత్రికి రాలేదు.

"ఒకాయన గొడుగు పట్టుకుని బయటికెళ్ళాడు. వాన పడింది. తడవలేదు," అని చెప్పి ఎదుటివాళ్ళ మొహంలోకి ఆశగా చూస్తారు.

"తర్వాతేమైంది సార్?" అని అడిగింది ఓసారి నర్సమ్మ, పాపం, జోకు ఇంకా ఉందనుకుని.

"ఇంటికొచ్చేశాడు."

నేను మత్తు డాక్టర్ని. మనుషుల్ని నిద్రపుచ్చాలంటే నాకు సూదీ మందూ కావాలి, ఆయనకి గొడుగు చాలు. ఆయన లిఫ్టెక్కితే, మోకాళ్ళ నొప్పులున్న మా ఎముకల డాక్టరు కూడా మెట్లెక్కేవాడు. "పెళ్ళైన కొత్తలో ఈయనకి తెలివి తక్కువేమో అని అనుమానపడ్డానన్నయ్యా. ఇప్పుడు అనుమానం లేదు," అంది నాతో సర్జన్‌గారి భార్య.

పనిలో మాత్రం ఆయనకి వంక పెట్టలేం. మొహం సగం చచ్చుబడినవాళ్ళు ఆయన దగ్గరికొస్తారు. తొడ లోపల, తీసినా నడకకి లోటురాని సన్నని కండ ఒకటుంటుంది. దాన్ని నరంతో, రక్తనాళాలతో సహా తీసి చెంపలో పెట్టి, మైక్రోస్కోపు కింద వెంట్రుకకన్నా సన్నని దారంతో కుడతారు. ఆ నరాన్ని నమిలే నరానికి కలుపుతారు. కొన్ని నెలలకి కండ కదులుతుంది. అప్పుడు పళ్ళు బిగిస్తే పెదవి మూల పైకి లేస్తుంది.

అలా వచ్చిందే హోటల్ కౌంటరు అమ్మాయి. కణితి తీసినప్పుడు నరం పోయి, మొహం ఒకవైపు జారిపోయింది. "కస్టమర్లు కంగారుపడుతున్నారమ్మా," అని పుట్టి బుద్ధెరిగి నవ్వని వాళ్ళ మేనేజరు ఆమెని దుప్పట్ల గదిలోకి తోశాడు.

"మళ్ళీ కౌంటర్లో నిలబడాలి సార్. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాలి," అంది ఆ అమ్మాయి.

ఆపరేషనైంది. నెలలు గడిచి, కొత్త కండ కదలడం మొదలెట్టింది. మా డైరెక్టరుగారికి రోగుల నవ్వులంటే ప్రాణం, ముఖ్యంగా పోస్టరు సైజులో ఉన్నవంటే. ఓ రోజు కెమెరాలతోపాటు పేరున్న హాస్యనటుణ్ణి వెంటేసుకుని ఆమె చూపించుకోడానికొచ్చిన గదిలోకి వచ్చేశారు.

"సహజమైన నవ్వు కావాలి. మన సర్జన్ జోకులతో తీస్తే సంతాప ప్రకటన వస్తుంది," అన్నారు.

నటుడు ఘటికుడు, రాగానే ఓ జోకు వేశాడు. నేను పొట్ట పట్టుకున్నాను. ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. బాగున్న సగం చెవిదాకా పరుగెత్తింది, కొత్త సగం కదల్లేదు. మూతి వంకరపోయింది. రెండు చేతులతో మొహం కప్పుకుని గోడవైపు తిరిగిపోయింది.

"నేనింక కౌంటరెక్కను," అంది.

"ఆపకండి, ఎమోషన్ బావుంది!" అన్నారు డైరెక్టరుగారు కెమెరామన్‌తో.

అప్పుడే వచ్చిన సర్జన్‌గారు "బయటికి" అన్నారు. అంత కటువైన మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. అందరూ వెళ్ళారు, నేను మూల నిలబడ్డాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఒకాయన కుర్చీ కొన్నాడమ్మా."

ఆమె చేతులు తీయకుండానే కాస్త ఇటు తిరిగింది.

"ఇంటికి తెచ్చుకున్నాడు."

వేళ్ళ సందుల్లోంచి ఓ కన్ను కనబడింది. ఆయన తీరిగ్గా ఆగారు.

"కూర్చున్నాడు."

దానికి నవ్వు దానంతటది రాదు, దయతలచి మనమే నవ్వాలి. ఆ అమ్మాయి చేతులు దించింది. మెల్లిగా పళ్ళు బిగించింది. కొత్త చెంప లేచింది, రెండోది దానికి తోడుగా లేచింది.

"ఛీ, ఇదేం జోకు సార్!" అంది నిండుగా నవ్వుతూ. "సోమవారం కౌంటరుకి వెళ్ళొచ్చా?"

"వెళ్ళమ్మా. మంచి జోకులు మాత్రం కొన్నాళ్ళు వినకు."

బయటికొచ్చాక ఆయన్ని పట్టుకున్నాను. "అంటే ఇన్నేళ్ళూ కావాలనేనా?"

"మంచి జోకు అడక్కుండా నవ్వు లాక్కుపోతుందయ్యా. వీళ్ళకి ముందు పళ్ళు బిగించుకునే వ్యవధి కావాలి."

"మరి క్యాంటీన్లో మమ్మల్నెందుకు చంపడం?"

"మీరెవరూ నవ్వలేదంటే అది పనికొస్తుందని లెక్క."

"ఇంతకీ మీకు మంచి జోకులు వచ్చా?"

ఆయన వరండాలో అటూ ఇటూ చూసి, నా చెవిలో ఒకటి చెప్పారు. నేను గోడ పట్టుకుని కిందికి జారి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతుంటే, గబుక్కున నా నోరు మూసేశారు.

"మెల్లిగా నవ్వవయ్యా! ఆ అమ్మాయి వింటే నాకూ చెప్పమంటుంది."